బయట తాళం, లోపల మనుషులు

గని నోటి పక్కనే బసిలియా గది. రాళ్ళు పేర్చి, మట్టి మెత్తి, పైన రేకు కప్పి, ఆ రేకు గాలికి ఎగిరిపోకుండా దాని మీద మళ్ళీ రాళ్ళు పెట్టిన గది. తలుపు తీస్తే పోతోసి ఊరంతా కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తుంది. తలుపు మూస్తే గనిలోంచి వచ్చే గాలి చప్పుడు ఒక్కటే మిగులుతుంది.

మొగుడు పోయాక గని కార్మికుల సంఘం వాళ్ళు ఇచ్చిన గది అది. యూసెబియో ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుని, చివరి ఏడాదంతా గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయి, కూర్చునే చచ్చిపోయాడు. గనిలో చచ్చినా, గని వల్ల చచ్చినా, చచ్చినవాడి పెళ్ళానికి ఏదో ఒక గని నోటి దగ్గర కాపలా పని ఇవ్వటం ఆ కొండ మీద రివాజు. పనిముట్లు దొంగల పాలు కాకుండా చూడాలి. డైనమైట్ పెట్టె మీద ఒక కన్ను వేసి ఉంచాలి. మిగతా పొద్దంతా, లోపలివాళ్ళు పారబోసిన రాళ్ళ దిబ్బ మీద కూర్చుని సుత్తితో రాయి పగలగొట్టుకుంటూ, అందులో ఏదైనా మెరిస్తే ఏరుకోవాలి. బసిలియా ఆ దిబ్బ మీద కూర్చునేనాటికి కొడుకు లింబెర్ ఇంకా పాకే పిల్లాడు. వాడి నడుముకి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తన కాలికి ముడేసుకుని ఆమె రాళ్ళు కొట్టేది.

అన్నేళ్ళు ఆ నోటి పక్కనే బతికినా ఆమె ఒక్కసారి కూడా లోపలికి అడుగు పెట్టలేదు. ఆడది అడుగు పెడితే రాతిలో పారే ఖనిజం రేఖ మాయమైపోతుందని మగవాళ్ళ నమ్మకం. లోపల గనివాళ్ళు మొక్కే మామ ఉంటాడు. మట్టితో చేసిన కొమ్ముల మామ. నోట్లో సిగరెట్టు, ఒళ్ళో నమలటానికి కోకా ఆకులు. ఆయన పైన కొండ తల్లి. ఇంకో ఆడది లోపలికొస్తే తన మగవాళ్ళని ఎగరేసుకుపోవటానికే వచ్చిందని ఆ తల్లికి కోపం వస్తుందట.

"ఆ తల్లికి వీళ్ళ మీద అంత మోజేమిటో!" అనేది హోనొరాతా. కొంచెం దిగువన ఇంకో గని నోటికి ఆవిడ కాపలా. ఆవిడ మొగుణ్ణీ గనే మింగింది. "దగ్గూ, తాగుడూ, కంపు కొట్టే బూట్లూ. ఉంచుకోమను అక్కా, దణ్ణం పెట్టి మరీ ఉంచుకోమను."

బసిలియా నవ్వేది కాదు. కానీ సుత్తి ఒక్క క్షణం ఆగేది.

కొండ నెత్తి కుంగుతోందన్న మాట ముందు ఊళ్ళో పుట్టింది. తర్వాత సర్కారు గనుల కార్యాలయం వాళ్ళు జీపు వేసుకుని వచ్చారు. నాలుగైదు వందల ఏళ్ళుగా లోపల తొలిచి తొలిచి కొండ డొల్లయిపోయింది. శిఖరం దగ్గర నేల గుండ్రంగా దిగబడిపోయింది. ఆ కొండ ఊరికే కొండ కాదు. జెండా మీద ఉంటుంది, నాణెం మీద ఉంటుంది. దేశదేశాల వాళ్ళు కూర్చుని కాపాడుకోవాల్సిన చోట్లని రాసుకున్న వాటిలో ఇదీ ఉంది. ఇప్పుడు ప్రమాదంలో ఉన్న వాటిలో చేరింది. కాబట్టి ఫలానా ఎత్తుకి పైన ఇక ఎవరూ తవ్వకూడదన్నారు. బసిలియా గని నోరు ఆ ఎత్తుకి పైనే ఉంది.

వాళ్ళతో వచ్చినావిడ ఇంజనీరు. పడుచుపిల్ల. ఎక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా మాట్లాడలేకపోయింది.

"ఇక్కడ ఇనప గేటు పెడతామమ్మా. కొండ ఆకారం చెడిపోతోంది. అది నిలబడాలి."

"మరి మేము?"

"మీకు కింద చోటు చూడమని సంఘానికి చెప్పాం. మాట్లాడుతున్నారు."

"ఎవరు మాట్లాడుతున్నారు?"

ఆ పిల్ల చేతిలో కాగితాలు మడిచింది. అబద్ధం మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కదానికి బసిలియా ఆమెకి తాగటానికి వేడినీళ్ళు ఇచ్చింది.

గేటు పెట్టారు. తాళం వేశారు. వారం తిరక్కుండానే సంఘం వాళ్ళు ఆ తాళానికి మారు చెవి చేయించారు. దాన్ని తెచ్చి బసిలియా చేతిలో పెట్టినవాడు నికాసియో. నలుగురు మనుషుల ముఠాకి పెద్ద. యూసెబియోతో కలిసి పనిచేసినవాడు, పొట్టిగా, వెడల్పుగా, బుగ్గలో ఎప్పుడూ కోకా ఉండతో ఉంటాడు.

"ఖనిజం రేఖ ఇప్పుడే లావెక్కుతోందమ్మా బసిలియా. ఇప్పుడు వదిలేసి పొమ్మంటే ఎలా? నువ్వే చెప్పు."

"నన్నెందుకు అడుగుతావన్నా. నేను చెబితే వింటావా?"

"వినను," అన్నాడు నికాసియో నిజాయితీగా. "కానీ అడగటం మర్యాద కదా."

అప్పటి నుంచి పని తీరు మారింది. పొద్దున్నే నలుగురూ లోపలికి వెళ్ళేవాళ్ళు. బసిలియా బయట నుంచి తాళం వేసేది. చూసేవాళ్ళకి మూసేసిన గని, పక్కన రాళ్ళు ఏరుకునే ముసలిది. రాయి తొలిచే మరకి గాలి పట్టే కంప్రెసర్ కిందకి దించేశారు, చప్పుడవుతుందని. ఉలీ సుత్తీ పట్టుకుని తాతల కాలంలో లాగా చేత్తోనే కొట్టేవాళ్ళు. పాత గాలి పైపు మాత్రం గేటు కింది నుంచి లోపలిదాకా అలాగే ఉండిపోయింది. రోడ్డు మీద జీపు కనిపిస్తే బసిలియా ఆ పైపుని సుత్తితో మోగించాలి. అది వినగానే లోపలివాళ్ళు పని ఆపి, దీపాలు ఆర్పి, పక్కన ఉన్న పాత సొరంగంలోకి దూరి, చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. వందల ఏళ్ళ కింద దొరలు వెట్టికి తెచ్చిన మనుషులు తవ్వింది ఆ సొరంగం. అందులో కూర్చుంటే దగ్గినా బయటికి వినపడదు. సాయంత్రం బసిలియా వచ్చి తాళం తీసేదాకా ఎవరూ గేటు వైపు రాకూడదు.

సైగ అదొక్కటే. 'బయటికి రండి' అనటానికి సైగ లేదు. అలాంటిది కావాలని ఎవరికీ తట్టలేదు.

ఆ నలుగురిలో లింబెర్ ఒకడు.

వాణ్ణి గనిలోంచి బయటికి లాగటం తప్ప బసిలియాకి ఈ లోకంలో వేరే కోరిక లేదు. ఊళ్ళో ఇళ్ళు కట్టే మేస్త్రీ ఒకడు వాణ్ణి చూసి రమ్మన్నాడు. గోడ కట్టటం దుమ్ము పనే, కానీ ఆ దుమ్ము మనిషిని తినదు.

"వెళ్ళరా," అనేది రోజూ, మొక్కజొన్న గంజి గిన్నెలో పోస్తూ.

"కార్నివాల్ పండగ అయ్యాక వెళ్తానమ్మా."

"పోయిన కార్నివాల్‌కీ అదే అన్నావు."

"అప్పుడు ఏ కార్నివాలో చెప్పలేదు కదా."

"మీ నాన్నా ఇలాగే నవ్వించేవాడు. నవ్వించి నవ్వించి దగ్గులో దిగాడు."

వాడు గిన్నె నాకి పక్కన పెట్టేవాడు. "అంత వద్దనుకుంటే తాళం వెయ్యకు. నువ్వు తాళం వెయ్యకపోతే మేం లోపలికి వెళ్ళలేం కదా. చెవి నీ దగ్గరే ఉంది."

"నేను వెయ్యకపోతే ఇంకొకత్తె వేస్తుంది."

"మరింకేం!"

ఆ మాటకి జవాబు ఆమె దగ్గర ఉంది కానీ పైకి చెప్పేది కాదు. ఇంకొకత్తె తాళం వేస్తే, సాయంత్రం తీయటం మర్చిపోవచ్చు. పక్కకి వెళ్ళి కబుర్లలో పడొచ్చు. తను వేస్తే, కనీసం వాడు లోపల ఉన్నంతసేపు ఆ చెవి తన రొమ్ముకి ఒరుసుకుంటూనే ఉంటుంది.

ఆగస్టు చలిగాలి విసిరి కొడుతున్న పొద్దది. నలుగురూ లోపలికి వెళ్ళి చాలాసేపయింది. హోనొరాతా వేయించిన మొక్కజొన్న గింజలు శాలువా చెంగులో పోసుకుని పైకి వచ్చింది. ఇద్దరూ దిబ్బ మీద గాలికి వీపు పెట్టి కూర్చుని నములుతున్నారు.

"మా చిన్నది లాపాజ్ పట్నం పోతానంటోంది. అక్కడేముందే అంటే, ఇక్కడ లేనిది ఉంది అంటుంది."

"ఇక్కడ లేనిదేమిటి?"

"అదే అడిగాను. గాలి అంది. ఊపిరి పీల్చుకునే గాలి అట."

బసిలియా ఏదో అనబోయింది. అప్పుడే చప్పుడయింది. డైనమైట్ చప్పుడు ఆమెకి పుట్టుకతో తెలుసు. అది బయటికి తంతుంది. ఇది లోపలికి గుటక వేసినట్టుంది. బసిలియా కాపలా కుక్కలు రెండూ లేచి నిలబడి, మొరగకుండా, పైకి చూశాయి.

శిఖరం దగ్గర దుమ్ము లేచింది. అక్కడ మనుషులెవరూ లేరు. దుమ్ము కింద వాలు నేల, మధ్యలో పట్టి లాగిన దుప్పటిలా లోతుకి జారుతోంది. అంచులు విరిగి రాళ్ళు దొర్లుతున్నాయి. ఆ జారుడు ఒకచోట ఆగలేదు. మెల్లగా, తీరిగ్గా, కిందకి, తమ వైపే వస్తోంది.

"అక్కా," అంది హోనొరాతా. "కొండ దిగిపోతోంది."

బసిలియా అప్పటికే పరిగెత్తింది. చేతిలో సుత్తి ఉంది. పైపు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. భుజం ఊడిపోయేలా కొడుతూనే ఉంది. ఆ ఇనుము మోత కొండలోకి పోయి మాయమైంది.

ఉన్నట్టుండి బసిలియా ఆగిపోయింది.

"ఆగావేం? కొట్టు!" అని అరిచింది హోనొరాతా.

బసిలియా సుత్తి వంక చూసింది. "దాక్కోమని చెప్పాను," అంది.

లోపల వాళ్ళు ఇప్పుడు దీపాలు ఆర్పేసి ఉంటారు. పాత సొరంగంలోకి దూరి ఉంటారు. ఆ సొరంగం ఎక్కడిదాకా పోతుందో యూసెబియో అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో. అది పైకి పోతుంది, శిఖరం వైపు. నేల దిగుతున్నది సరిగ్గా దాని మీదే.

రవికెలోంచి చెవి తీసింది. తాళం తీసి గేటు లాగి లోపలికి అరిచింది. "బయటికి రండిరా! లింబెర్! నికాసియో అన్నా!" జవాబు రాలేదు. ఎలా వస్తుంది? పైపు మోగాక పలకకూడదని కట్టడి. పైపు మోగించింది తనే.

పనిముట్ల పెట్టెలోంచి టార్చిలైటు తీసుకుంది. హోనొరాతా ఆమె లంగా పట్టుకుని లాగింది.

"నువ్వా? లోపలికా? ఆడదానివి!"

"వదులు."

"అక్కా, వాళ్ళు నిన్ను బతకనివ్వరు."

"వదలవే!"

లోపలంతా వెచ్చగా ఉంది. అది ఆమెకి వింతగా అనిపించింది. బయట ఎముకలు కొరికే చలి, ఇక్కడ పొయ్యి పక్కన కూర్చున్నట్టు. నడుము వంచి, కాళ్ళ కింద నీళ్ళలో ఎర్రటి బురద తొక్కుకుంటూ నడిచింది. దారి మొగుడి మాటల్లో తెలిసిందే. ముందు నీటి గుంట, తర్వాత మామ, మామ దగ్గర కుడికి. మామ మీద వెలుతురు పడింది. కొమ్ములకి రంగు కాగితాలు, నోట్లో ఆరిపోయిన సిగరెట్టు. ఆమె దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. దాటిపోయింది.

సొరంగం మలుపులో ఒక చెయ్యి పైకి లేచి 'ష్' అంది. నికాసియో. వెనక ఇంకా ఇద్దరు, గోడకి అంటుకుని. వెలుతురులో ఆమె మొహం చూసి నికాసియో నోరు తెరిచేశాడు.

"నువ్వా? ఇక్కడా?"

"జీపు లేదు. కొండ దిగుతోంది. బయటికి నడవండి. లింబెర్ ఏడీ?"

"లోపలికి జరిగాడు. అదిగో, ఆ..."

ఇద్దరు మనుషులు ఆమెని రాసుకుంటూ పరిగెత్తారు. పైనుంచి సన్నటి మట్టి, పిండి జల్లించినట్టు రాలుతోంది. బసిలియా ఆ చీకట్లోకి టార్చి తిప్పి కొడుకు పేరు పెట్టి పిలిచింది.

"అమ్మా?" అన్నాడు లింబెర్. అంత దూరం కాదు. గొంతులో భయం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. "అమ్మా, నువ్వెలా వచ్చావిక్కడికి?"

తర్వాత కప్పు కూలి, గాలి వచ్చి మొహానికి కొట్టింది. టార్చి ఎక్కడ పడిందో తెలీదు. ఎవరో నడుము పట్టి వెనక్కి ఈడ్చారు. వెలుతురులోకి వచ్చాక చూస్తే నికాసియో. అతని చెవుల్లోంచి నెత్తురు కారుతోంది. ఆమె చేతుల మీద అతని గోళ్ళ గాట్లున్నాయి. అతని మొహం మీద ఆమెవి.

సంఘం మనుషులు ఆ సాయంత్రం నుంచే తవ్వారు. పైన ఇంకా కదులుతోంది, వద్దని కార్యాలయం వాళ్ళు మొత్తుకున్నారు. అయినా తవ్వారు. కొండ మీద మనిషి లోపల ఉండిపోతే తవ్వకుండా ఉండటం ఎవరికీ చేతకాదు. మూడో రోజున కప్పు మళ్ళీ రాలి ఒకడి కాలు నుజ్జయింది. అప్పుడు ఎవరూ ఏమీ అనకుండానే పారలు కింద పెట్టేశారు.

ఇంజనీరు పిల్ల పైకి వచ్చి బసిలియా పక్కన రాతి మీద కూర్చుంది.

"అమ్మా, లోపల డొల్లని నింపాలి. పల్చటి సిమెంటు పోస్తారు. ఆలస్యం చేస్తే కింద గని నోళ్ళలో పనిచేసేవాళ్ళ మీదికి వస్తుంది."

"పోయండి."

"మీకు చెప్పకుండా..."

"చెప్పావుగా. పోయండి." బసిలియా గని నోటి వైపు చూసింది. "అది చల్లగా ఉంటుందా?"

"ఏది?"

"మీరు పోసేది."

ఆ పిల్ల తడబడింది. "గట్టిపడేటప్పుడు కాస్త వేడెక్కుతుంది."

బసిలియా తల ఊపింది.

ఎనిమిదో రోజున పోయినవాడి బట్టలు ఏటికి తీసుకెళ్ళి ఉతకాలి. చుట్టాలూ పక్కాలూ, పనిలో తోడున్నవాళ్ళ ఆడవాళ్ళూ అందరూ వచ్చి తలా ఒకటి ఉతుకుతారు. మేకుకి వేలాడుతున్న చొక్కా, ప్యాంటు, చలికోటు మూటగట్టుకుని బసిలియా రోడ్డు దాకా వచ్చి నిలబడింది. ముఠావాళ్ళ పెళ్ళాలు ఒక్కరూ రాలేదు. ఆడది లోపలికి పోబట్టే కొండ తల్లికి ఒళ్ళు మండిందని, ఆ తల్లి ఆమె కొడుకునే ఉంచేసుకుందని ఊళ్ళో అనుకుంటున్నారు. ముగ్గురు బతికి బయటపడ్డ సంగతి ఆ మాటల్లో ఎక్కడా లేదు.

హోనొరాతా వచ్చింది, సబ్బు పట్టుకుని. "రాకపోతే మానె," అంది. "ఒక్కడి బట్టలకి ఊరంతా కావాలా?"

గని నీళ్ళు కలిసి ఏరు ఎర్రగా ఉంటుంది. నీళ్ళు తేటగా ఉన్నచోటు దొరికేదాకా ఇద్దరూ పైకి నడిచారు. చలికోటు జేబులో బస్సు టికెట్టు ఒకటుంది. ఎక్కడికో చూడకుండానే బసిలియా దాన్ని నీళ్ళలో వదిలేసింది.

మూసేసిన పై భాగానికి ఒక కాపలా మనిషి కావాల్సి వచ్చింది. రాత్రీ పగలూ అక్కడే ఉండేవాళ్ళు కావాలి. కార్యాలయం వాళ్ళు బసిలియాని అడిగారు. ఆమె ఆలోచించుకుంటానని అనలేదు. పసుప్పచ్చ కోటు ఇచ్చారు. అది వేసుకుని దిబ్బ మీద కూర్చుంటే కింద రోడ్డు దాకా కనిపిస్తుంది. సంఘం వాళ్ళు ఆమెతో మాట మానేశారు. "కొండని కార్యాలయానికి అమ్ముకుంది" అని ఒకడు, "కొడుకుని సిమెంటులో పెట్టి జీతం తింటోంది" అని ఇంకొకడు, తనకి వినిపించేలా అనేవాళ్ళు. హోనొరాతా ఎదురు తిట్టేది. బసిలియా తిట్టేది కాదు. ఆ కోటు ఒంటి మీద ఉన్నంతకాలం తనని అక్కణ్ణించి ఎవరూ దించలేరు. ఆమెకి కావాల్సింది అంతే.

వానలు మొదలయ్యాక ఒకరోజు నికాసియో పైకి వచ్చాడు. కుక్కలు అతన్ని గుర్తుపట్టి తోకలాడించాయి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒక చెవి వినపడటం మానేసింది కాబట్టి రెండో చెవి ఆమె వైపు తిప్పి కూర్చున్నాడు.

"ఎలా ఉన్నావు?"

"కూర్చున్నాను."

"కింద గని నోట్లో మాకేం దొరకటం లేదమ్మా. మట్టి తప్ప ఏం లేదు. ముగ్గురికీ పిల్లలున్నారు." సంచిలోంచి కోకా ఆకులు తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. "ఆ పక్కన ఒక కన్నం ఉంది. సిమెంటు అటు పోలేదు. రేఖ అటే తిరిగింది. నువ్వు చూసీ చూడనట్టుంటే చాలు."

బసిలియా ఆకులు ముట్టుకోలేదు.

"నువ్వు మా మనిషివి," అన్నాడు. "ఆ కోటు ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. లింబెర్ ఉంటే కాదనేవాడా? వాడి పేరు మీద అడుగుతున్నాను."

"వాడు అంత లోపలికి ఎందుకు పోయాడు?"

నికాసియో టోపీ అంచు తిప్పాడు. వినపడలేదేమో అనుకుని ఆమె మళ్ళీ అడిగింది. వినపడింది.

"నేనే జరగమన్నాను," అన్నాడు. "నలుగురం కూర్చునేసరికి మోకాళ్ళు తగులుతున్నాయి. లోపలికి జరగరా, కాళ్ళు చాపుకుంటాను అన్నాను. జరిగాడు. ఇంకాస్త అన్నాను. నవ్వి, ఇంకాస్త జరిగాడు."

"నేను పైపు కొట్టాను."

"ఔను."

"నువ్వు జరగమన్నావు."

"ఔను."

వాన సన్నగా మొదలైంది. రేకు మీద, రాళ్ళ మీద, మూసేసిన గోడ మీద ఒకే చప్పుడు. బసిలియా చెయ్యి చాపి నాలుగు ఆకులు తీసుకుని బుగ్గన పెట్టుకుంది. అతనూ పెట్టుకున్నాడు. ఉండ మెత్తబడేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నమిలారు.

"మరి ఆ కన్నం?" అన్నాడు నికాసియో చివరికి, గొంతు తగ్గించి.

"వెళ్ళన్నా. వాన గట్టిపడితే దారి జారుడు."

అతను లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. మిగిలిన ఆకులు అక్కడే వదిలేసి, వంగి వంగి దిగటం మొదలుపెట్టాడు. బసిలియా కుక్కలు రెండింటినీ మెడపట్టీలు పట్టుకుని, గది ముందు నిలబడి చూసింది. దారి చీలేచోట అతను కాసేపు ఆగాడు. కన్నం ఉన్న పక్క వాలు వైపు తిరక్కుండా తిన్నగా రోడ్డులోకి దిగాడు. దిగేదాకా ఆమె పట్టీలు వదల్లేదు. అటు తిరిగుంటే కుక్కల్ని అతని మీదికి వదిలేసేది.